మామూలు అన్నందుకు రెండో రకం

నా చేతిరాత వంకర, ఒత్తులు కూడా తప్పుతుంటాయి. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, మన్నించి చదువుకోండి. పత్తి బోరాలతో గుంటూరు వైపు వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని పోయిన ఏటి ప్రయాణం రాస్తున్నాను. మా ఊరికొచ్చే దళారీ ఆకు, చెత్త ఏరిన పత్తికీ ఏరని పత్తికీ ఒకే ధర కడతాడు. కొనుగోలు కేంద్రంలో మొదటి రకానికి క్వింటాలుకు నలభై రూపాయలు ఎక్కువ ఇస్తారని విన్నాను. కౌలు ఎకరంలో ఐదు బోరాలు వచ్చాయి. నా భార్య మరియమ్మ పత్తిని కళ్ళ దగ్గర పెట్టుకుని ఆకుముక్కలు ఏరింది. మూడు రోజులు ఎండబెట్టాం. ఆ ఎక్కువ వచ్చేదానితో ఆమెకు కళ్ళజోడు కొనాలని బయలుదేరాను.

పర్చూరు దగ్గర మా ఊళ్ళో ఉదయం ఐదున్నరకు లారీ ఎక్కాను. బోరానికి ఆరు రూపాయల కిరాయి. మనిషికి ఏమీ లేదు, బోరాల మీద కూర్చోవాలి. ఏడున్నరకు చిలకలూరిపేటలో ఇడ్లీ, టీ కలిపి రూపాయిన్నర. పదింటికి కేంద్రం చేరాం. అది ఏ ఊళ్ళోదో రాయను. వరసలో నా ముందు రైతు బోరాలు తడిగా ఉన్నాయి. మీ వైపు వాన పడిందా అండీ అని అడిగాను.

"వానెక్కడిది? బోరానికి చెంబెడు నీళ్ళు చల్లా. ఆరబెట్టి తెచ్చినా చెమ్మ ఉందని తరుగు కోస్తారుగా. ఆ పోయేదేదో నీళ్ళే పోనీ" అన్నాడు. నా పత్తి పట్టి చూసి నవ్వాడు. "బాగా ఆరింది పెద్దాయనా. ఇక్కడ నువ్వు కూడా ఆరిపోతావు."

అతని పత్తి మొదటి రకంలో పోయింది. మూడింటికి నా వంతు వచ్చింది. గుమాస్తా గుప్పెడు పత్తి తీసి, తల ఎత్తకుండా "ఎలా ఉంది?" అన్నాడు. నా సరుకు నేనే పొగుడుకోవడానికి సిగ్గేసింది.

"మామూలేనండి" అన్నాను.

"మామూలేనా? సరే" అని మొదటి రకం రాసి, చెయ్యి చాపాడు. కాగితం ఇస్తున్నాడనుకుని నేనూ చెయ్యి చాపాను. వెనకవాళ్ళు నవ్వారు.

"మామూలన్నావుగా, ఏదీ?"

"పత్తి మామూలన్నానండి."

"పత్తి మామూలుదైతే మొదటి రకం ఎట్లా రాస్తాను తాతా?" అని కొట్టేసి రెండో రకం రాశాడు. చెమ్మ తరుగూ వేశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ కుర్చీలోకి నేనూ ఇచ్చుకునే వచ్చాను. ఆ అప్పు తీరొద్దా?" అన్నాడు.

తిరుగు బస్సు చిలకలూరిపేటలో కళ్ళజోళ్ళ దుకాణం ముందు పది నిమిషాలు ఆగింది. నేను దిగలేదు.

మరియమ్మ కోప్పడలేదు. "తడిపినోళ్ళకి మొదటిదా?" అని ఒకసారి అడిగింది, అంతే. ఈ ఏడు ఆమె ఆకు ఏరలేదు, నేనూ ఏరమనలేదు. ఊళ్ళో ఎవరూ ఏరడం లేదు. ఈ వైపు పత్తంటే చెత్త, చెమ్మ అని మిల్లులవాళ్ళు ధర తగ్గించారని దళారీ చెబుతున్నాడు. అబద్ధమని అనలేకపోయాను. మామూలు ఇచ్చినవాళ్ళకూ ఇవ్వనివాళ్ళకూ ఇప్పుడు ఆ తగ్గిన ధరే.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. సరుకు ఎలా ఉందని అడిగితే సిగ్గుపడకుండా ఏరిన పత్తి, ఆరిన పత్తి అని నలుగురికీ వినబడేట్టు చెప్పండి. మీ వైపు ఆరిన పత్తిని ఆరిన పత్తిగా కొనే చోటు ఎక్కడైనా ఉంటే త్వరగా జవాబు రాయండి. మా పత్తి ఇంకా బోరాలకు ఎత్తలేదు. ఆరబెట్టాలో నీళ్ళు చల్లాలో తేల్చుకోలేకుండా ఉన్నాను.