తమ్ముడి ఈ-సిగరెట్

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసి బతికినవాణ్ణి. కరెంటు లేకుండా లైటు వెలిగిందని ఎవరైనా అంటే, ముందు వెళ్ళి కళ్ళు టెస్ట్ చేయించుకోమంటాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మా తమ్ముడు శ్రీధర్ అమెరికాలో నేపర్‌విల్ అనే ఊళ్ళో ఉండేవాడు. వాడికి గుండె ఆపరేషన్ అంటే సాయంగా ఉందామని నేను అక్కడే ఇంకో రాష్ట్రంలో ఉన్న ప్లెయిన్స్‌బరో నుంచి వెళ్ళాను. ఈలోపు సిగరెట్లు మానాల్సిందేనని డాక్టర్ గట్టిగా చెప్పాడట. అప్పుడప్పుడే గ్యాస్ స్టేషన్లలో ఈ-సిగరెట్లు అమ్మడం మొదలుపెట్టారు, అయిపోతే పారేసే రకం. వీడు వాటితో తంటాలు పడుతున్నాడు.

ఇదంతా మరదలు సుజాత చెబితేనే తెలిసింది. మా ఇంట్లో అన్న ముందు తమ్ముడు పొగ తాగడు. యాభై దాటినా, అమెరికాలో ఇల్లు కొన్నా అంతే. వాడు తాగనట్టు, నేను చూడనట్టు ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చాం.

ఒక మధ్యాహ్నం వాడు పైన పడుకుని ఉండగా సుజాత దాన్ని గుప్పిట్లో పెట్టుకుని వచ్చింది.

"బావగారూ, ఇది పని చేయట్లేదు. కొంచెం చూస్తారా? నేనిచ్చానని మాత్రం ఆయనతో అనకండి."

ఇంటి వెనక పేషియోలో టేబుల్ దగ్గర కూర్చున్నాను. పీల్చినప్పుడు గాలి చివరి నుంచి లోపలికి వెళ్ళి సెన్సార్‌కి తగిలితే, అక్కడ నారింజ రంగు లైటు వెలగాలి. ఆ చివరనున్న మూత పీకి చూద్దును కదా, లోపలంతా మట్టి! సుజాతని అడిగాను. తలుపు దగ్గర నా అలికిడి వినబడగానే, మామూలు సిగరెట్ ఆర్పినట్టు దాన్ని పూలకుండీలో గుచ్చేస్తాడట.

ముందు నవ్వొచ్చింది. తర్వాత మనసు చివుక్కుమంది.

పిన్నీసుతో మట్టి తీశాను, ఊదాను, తట్టాను. లాభం లేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. ఛార్జ్ చేసే వీల్లేదు. వైర్లు కత్తిరించి, బ్యాటరీ బయటికి తీసి, తర్వాత రీసైకిల్ చేద్దామని కిచెన్ డ్రాయర్‌లో పడేశాను. గొట్టం టేబుల్ మీదే ఉండిపోయింది.

కొత్తది కొని నా చేత్తో ఇద్దామని బయల్దేరాను. "ఒరేయ్, ఇంక దాక్కోకు, నా పక్కనే కూర్చుని తాగు" అనాలి. ఇంత చిన్న మాట అనడానికి ఇన్నేళ్ళూ నాకు నోరు రాలేదు. కార్‌లో ఒక్కణ్ణే రకరకాలుగా అని చూసుకున్నాను. తిరిగొచ్చేసరికి ఇంటి ముందు అంబులెన్స్ ఉంది. శ్రీధర్ హాస్పిటల్‌కి చేరకముందే పోయాడు.

కార్యక్రమాలన్నీ అయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం కాఫీ కలుపుకుంటూ గ్లాస్ డోర్‌లోంచి బయటికి చూశాను. టేబుల్ మీద గొట్టం చివర లైటు నెమ్మదిగా వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది, ఎవరో తీరిగ్గా పీలుస్తున్నట్టు.

డ్రాయర్ తెరిచాను. బ్యాటరీ అందులోనే ఉంది. ఎండ పడి మెరిసిందనుకుందామంటే ఎండే లేదు. తలుపు జరిపి బయట అడుగుపెట్టగానే లైటు ఆరిపోయింది. లోపలికొస్తే వెలిగింది. మళ్ళీ బయటికెళ్ళాను, ఆరిపోయింది.

సుజాత తలుపు దగ్గర నిలబడి ఉంది. తనకీ కనబడింది.

"లోపలికి వచ్చేయండి బావగారూ," అంది. "మీరుంటే ఆయన తాగరు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "తాగరా శ్రీధర్, నేనేమీ అనుకోను" అన్నాను పైకే. వాడు బతికుండగా అనాల్సిన మాట. గొట్టం కదలకుండా అలాగే పడి ఉంది. ఎంతసేపు నిలబడ్డా వెలగలేదు.

చివరికి కుర్చీ లాక్కుని, టేబుల్‌కి వీపు పెట్టి, ఫెన్స్ వైపు చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి వెనక నుంచి సుజాత, "వెలిగింది" అంది.

బ్యాటరీ లేకుండా ఎలా వెలిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంది. తిరిగితే వాడు ఆర్పేస్తాడని తిరగలేదు.