నాయనమ్మ దాచిన బిందె

మావాళ్లు మగ్గాల పనికి వలస వచ్చిన గుజరాతీ ఊరు ఉధ్నాలో ఆటో దిగితే చాలు, మేం సాంచెలని పిలిచే మరమగ్గాల వేడి నూనె వాసన, తడి నూలు వాసన కలిసి ఇవాళ్టికీ నన్ను ఎనిమిదేళ్ల పిల్లను చేస్తాయి. ఎండాకాలం రేకుల కింద ఉడికిపోతూ, ఎదురింటి గుజరాతీ అమ్మ పెట్టిన మామిడి రసం వేళ్లతో నాకుతూ, సాంచెల దడదడకు అదిరే గచ్చు మీద అష్టాచెమ్మా ఆడుకునేవాళ్లం.

ఆ ఎండల్లోనే నాకు దాహం మొదలైంది. చెంబు మీద చెంబు తాగినా నాలుక అట్టలాగే ఉండేది. తాగినదంతా రంగు కూడా మారకుండా బయటికి పోయేది. మా వరసలో ఇరవై గదులకు రెండే మరుగుదొడ్లు. ఆట మధ్యలో పదిసార్లు లేచిపోయే నన్ను పిల్లలు జట్టులో వేసుకోవడం మానేశారు. బతుకమ్మ నాడు మలీద ముద్దల నెయ్యి వాసన గల్లీ అంతా కమ్ముకుంటే, నేను మరుగుదొడ్డి ముందు నిలబడి చప్పట్లు విన్నాను. రాత్రి తడిసిన నా పక్కబట్టలను అమ్మ పొద్దున్నే గల్లీలో ఆరేసేది, అందరూ చూసేవారు.

చక్కెర జబ్బేమో అన్నారు. పరీక్షలో చక్కెర లేదు. దాంతో నాయనమ్మ ఇది రోగం కాదు, అలవాటేనని తేల్చేసింది. "జర ఓర్సుకో బిడ్డా, తాగకుంటె అదే ఆగుతది" అంటూ బిందెను అటకెక్కించింది. అమ్మానాన్నలు పనిలో ఉన్న ఒక మధ్యాహ్నం, ఎదురింటి కూలర్ నుంచి కారే చుక్కల కింద నోరు పెట్టడం వరకే నాకు గుర్తు. పడిపోయిన నన్ను భుజాన వేసుకుని నాయనమ్మ చెప్పులు లేకుండా రోడ్డు దాకా పరుగెత్తిందట.

ఆసుపత్రిలో సెలైన్‌తో కోలుకున్నాక, డాక్టరమ్మ పరీక్ష కోసం తన కళ్ల ముందే కొన్ని గంటలు నీళ్లు ఆపి, గంటగంటకూ నన్ను తూచి, తలకు స్కాన్ తీయించింది. ఒంట్లో నీటిని పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే హార్మోన్ నా మెదడు నుంచి రావడం లేదట. పేరులో డయాబెటిస్ ఉన్నా చక్కెరతో సంబంధం లేదట. కొందరికి తల దెబ్బ వల్ల, కొందరికి గడ్డ వల్ల వస్తుంది. నాలాంటి కొందరికి ఎందుకొచ్చిందో తెలియనే తెలియదు. ఈ పిల్లకు నీళ్లు మాత్రం ఎన్నడూ ఆపొద్దని ఆమె హిందీలో గట్టిగా చెప్పింది.

నాయనమ్మ మంచం పక్కన నేల మీద కూలబడి, "నేనే సంపుకుంటుంటి గద బిడ్డా" అంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ, నేను తాగందే ఆమె గుక్కెడు నీళ్లు ముట్టలేదు.

మందుతో దాహం తగ్గింది. పిల్లలు మళ్లీ ఆటకు పిలిచారు కానీ, అప్పటికే నాకు ఒంటరిగా కూర్చోవడం అలవాటైపోయింది.

ఇప్పుడు ఆ గదుల చోట చీరల గోదాము లేచింది. నాతో ఆడినవాళ్లు ఒకరు బార్డోలీలో, ఒకరు కిమ్‌లో ఉన్నారని విన్నాను. నాయనమ్మ లేదు. రోజూ మాత్రలు వేసుకుంటూ నేను బాగానే ఉన్నాను. అయినా ఎవరింటికి వెళ్లినా, రెండో గ్లాసు నీళ్లు అడగడానికి నాకు ఈనాటికీ నోరు రాదు.