బోల్తా పడటం నేర్పిన దానయ్య మావ

ఆదివారం మధ్యాహ్నం బరంపురం శివారు అంకులిలో మా మేడ మీద కుళాయి విప్పి, సముద్రం నుంచి తెచ్చిన లైఫ్ జాకెట్టు కడుగుతుంటాను. ఉప్పునీళ్ళు పీల్చుకున్న స్పాంజిలోంచి, తడిసిన నైలాను తాళ్ళలోంచి ఒక వాసన వస్తుంది. కాస్త చేప వాసన, కాస్త రబ్బరు వాసన. ఎండకి అది ఇంకా ఘాటెక్కుతుంది. మా అమ్మ ముక్కు మూసుకుని కిందికి వెళ్ళిపోతుంది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే దానయ్య మావ గుర్తొస్తాడు. బంధువు కాడు. ఆర్యపల్లిలో వేట మానేసిన జాలరి. ఈ రోజు నేను ప్రాణాలతో ఉండి ఆ జాకెట్టు కడుక్కుంటున్నానంటే అది ఆయన చలవే.

నేను బరంపురంలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. రోజంతా ట్యూబులైటు కింద మైక్రోస్కోపు మీద వంగి ఉండే పని. ముప్పయ్యేళ్ళు నిండిన ఏడాది, చేపలు పట్టుకోవడానికి పనికొచ్చే కయాక్ ఒకటి కొన్నాను. ఒక్క మనిషి పైన కూర్చుని తెడ్డు వేసుకునే ప్లాస్టిక్ పడవ అది. ఈత వచ్చు, జాకెట్టు ఉంది, వీడియోలు చూశాను, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆర్యపల్లి దగ్గర నీళ్ళలోకి దించిన మొదటి రోజునే, అలలు విరిగేచోట పడవ అడ్డం తిరిగి నన్ను పడేసింది. పైకి తేలేసరికి గేలాల పెట్టె ఒకవైపు, పడవ ఇంకోవైపు కొట్టుకుపోతున్నాయి. నేను పెట్టె వైపు ఈదాను. వెనక నుంచి అల ఎత్తి తెచ్చిన పడవ వచ్చి భుజానికి కొట్టుకుంది. నోట్లోకి, ముక్కులోకి నీళ్ళు పోయాయి. అంతలో ఎవరో జాకెట్టు మెడ దగ్గర పట్టుకుని ఒడ్డుకి ఈడ్చారు.

ఆయనే దానయ్య. అరవై దాటిన మనిషి. మోకాళ్ళు పాడవడంతో ఒడ్డున కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసేవాడు. ఆ మోకాళ్ళతోనే నా కోసం నీళ్ళలోకి పరిగెత్తాడు. నా దగ్గు ఆగేదాకా పక్కనే కూర్చుని అప్పుడు అడిగాడు.

"ఏటమ్మా, ఆ పెట్టిలో ఏటుంది?"

"గేలాలు, దారాలు..."

"పడవొగ్గీసి పెట్టి ఎనకాల ఎల్లావు. నేనిక్కడ నేకపోతే నిన్నెతకడానికి మావోలు ఎల్లాల్సొచ్చేది."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. కానీ పడవ అమ్మేసి ఇంటికి పోవాలని మాత్రం అనిపించలేదు. నేర్పుతావా అని అడిగాను.

"ఏటి నేర్పాల? సేపలు పట్టడమా?"

"బోల్తా పడితే ఏం చెయ్యాలో."

అప్పుడు నన్ను మొదటిసారి సరిగ్గా చూశాడు. "ఐతే రా. సేపల మాట మాత్రం ఇప్పట్లో ఎత్తకు" అన్నాడు.

రెండు నెలలపాటు ఎత్తలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే ఛత్రపురం మీదుగా స్కూటరు మీద వెళ్ళేదాన్ని. పడవను ఆయన వలల పాకలోనే ఉంచేదాన్ని. నడుంలోతు నీళ్ళలో దాన్ని కావాలని తిరగెయ్యాలి. బోర్లాపడిన పడవ మీదుగా చెయ్యి చాచి, అవతలి అంచు పట్టుకుని, బరువంతా వెనక్కి వేసి మళ్ళీ నిలబెట్టాలి. తర్వాత కాళ్ళు తపతపా కొట్టుకుంటూ పొట్ట మీద పైకి పాకాలి. నిలబడి ఎక్కాలని చూస్తే మళ్ళీ బోల్తాయే. "హెలా, మళ్ళీ" అనేవాడు ఒడియా కలిపి, అయింది, ఇంకోసారి అని. నా పొట్ట మీద చర్మం గీసుకుపోయేది. సోమవారం పొద్దున చెయ్యెత్తి రక్తం తీయడానికి కూడా కష్టమయ్యేది. అయినా మళ్ళీ ఆదివారం వెళ్ళేదాన్ని.

సామాను సంగతి ఆ తర్వాత చెప్పాడు. అలలు దాటేటప్పుడు గేలం కర్రలు నిలబెట్టి ఉంచకూడదు, పడుకోబెట్టి కట్టాలి. ప్రతి వస్తువుకీ తాడు ఉండాలి. తాడు మూరకి మించితే అదే కాళ్ళకి చుట్టుకుంటుంది. పెట్టె మూత బిగించి పడవకే కట్టాలి. ఫోను నీళ్ళు చొరని సంచీలో పెట్టి జాకెట్టు జేబులో ఉంచుకోవాలి, ఎందుకంటే పడవ దూరమైపోతే అందులోని ఫోను ఎవరికి పనికొస్తుంది? కత్తి గుండె దగ్గరే ఉండాలి. ఒడ్డు దగ్గర పడిపోతే పడవకి సముద్రం వైపు ఉండాలి కానీ ఒడ్డు వైపు ఉండకూడదు. నా భుజానికి తగిలిన దెబ్బ ఎందుకు తగిలిందో ఆ రోజు అర్థమైంది.

"పడవ ఒగ్గకూడదు" అని, వదలకూడదని, చెప్పేచోట మాత్రం ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను. వల అల్లుతున్న చేతులు ఆగలేదు.

"నాకు తమ్ముడుండేవోడు. నాకన్నా ఈతగాడు. తెప్ప తిరగబడింది. ఒడ్డు కనబడతాంది. ఇల్లు, మనుసులు, అన్నీ కనబడతన్నాయి. 'ఇదిగో ఇక్కడే కదన్నా' అని ఎల్లిపోయాడు. నాకు అంత ఈత రాదు. తెప్ప పట్టుకు ఏలాడాను." వల ముడి బిగించి అన్నాడు. "ఒడ్డు కనబడతాది. దూరం కనబడదు."

ఆ ఏడాది చలికాలంలో ఒక పొద్దున, అలలు దాటి బాగా లోపలికి వెళ్ళి గేలం వేశాను. పెద్ద చేపే తగిలింది. ఒక పక్కకి వాలి లాగుతుండగా పడవ తిరగబడింది. నీళ్ళ కింద గేలం దారం చీలమండకి చుట్టుకుంది. అవతల చేప లాగుతోంది. ఆ గేలం కర్ర నాకు ప్రాణం, ఉద్యోగం వచ్చిన కొత్తలో కొనుక్కున్నది. కత్తి తీసి దారం కోశాను. ఆ గింజులాటలో కర్రను కట్టిన తాడు కూడా తెగినట్టుంది. అది మునిగిపోతుంటే చూశాను, దాని వెనక వెళ్ళలేదు. పడవ అంచు పట్టుకుని తల పైకెత్తేసరికి, నేల మీద నుంచి వీచే గాలి నన్నూ పడవనీ లోపలికి తోస్తోంది. ఒడ్డున సరుగుడు తోట ఎంత దగ్గరగా కనిపించిందో చెప్పలేను. చేతులు చాచి నాలుగు బారలు వేస్తే చాలన్నట్టు ఉంది. పడవ వదిలెయ్యమని ఒళ్ళంతా చెప్తోంది. వదలలేదు. పడవను తిప్పి నిలబెట్టి, రెండుసార్లు జారిపోయి, మూడోసారి పైకి పాకాను. తాడుకి కట్టిన తెడ్డు పక్కనే తేలుతోంది. గాలికి ఎదురు తెడ్డేసుకుంటూ ఒడ్డు చేరేసరికి రెండు గంటలు పట్టింది.

దానయ్య మావ ఒడ్డునే ఉన్నాడు. నా వెనకాల పంపడానికి ఇంజన్ బోటు ఒకటి అప్పుడే నీళ్ళ అంచుకి తోయించి పెట్టాడు. నా కాలి మీద దారం కోసిన గాటు చూశాడు.

"కత్తి ఏ సేత్తో తీశావు?"

"కుడి చేత్తో."

"కుడి సెయ్యి ఇరుక్కుంటే? వచ్చే ఆదోరం ఎడం సేత్తో."

ఒక్క మెచ్చుకోలు మాట కూడా లేదు. ఆ తర్వాత ఇసుకలో కూలబడినట్టు కూర్చున్నాడు. గామ్‌ఛా తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఎవరి కోసమో నాకు తెలుసు. నా ఒక్కదాని కోసమే కాదు.

ఆయన పోయి రెండేళ్ళయింది. నాకు సముద్రమంటే భయం ఇప్పటికీ ఉంది. కాకపోతే భయం వేసినప్పుడు ముందు ఏం పట్టుకోవాలో, ఏం వదిలెయ్యాలో చేతులకి తెలుసు. ల్యాబులో కరెంటు పోయి, మిషన్లు ఆగి, బయట రోగుల మనుషులు అరుస్తున్న పూట కూడా ఆ చేతులే పనిచేస్తాయి. మొన్నీమధ్య మా ల్యాబులో చేరిన సుజాత తనూ వస్తానంది. మూడు ఆదివారాలుగా పడవ తిరగేయించడమే తప్ప ఆమెను గేలం ముట్టుకోనివ్వలేదు.

"అక్కా, ఇంక సాలు గదా! సేపలెప్పుడు పడతాం?" అని విసుక్కుంది.

"ఇంకో పదిసార్లు" అన్నాను.

ఆమెకి నా మీద బాగా కోపం వచ్చింది. రానీ. కోపంతోనే సోమవారం పొద్దున ల్యాబుకి వచ్చి, నా ఎదురు కుర్చీలో క్షేమంగా, మూతి ముడుచుకుని కూర్చుంది. నాకు అది చాలు.