దగ్గని మనిషి, అద్దాల గోడ

సూర్యుడు పడమట అస్తమిస్తాడని ముప్పయ్యేళ్లు పిల్లలకు చెప్పినవాణ్ణి, నా ఇంటికి మాత్రం పడమటి గోడ మొత్తం అద్దమే పెట్టించుకున్నాను. తెలివితక్కువతనానికి పింఛను ఉంటే నాకు రెండు వచ్చేవి.

బూర్గంపాడు దాటాక అడవి అంచున మా స్థలం. పడమటన టేకు చెట్ల గుట్టలు. ఖమ్మం నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు గోడ రావాల్సిన చోట నిలబడి, "లోపల్నించి మీకు అందరు కనపడ్తరు సార్, బయటికి మీరు కనపడరు. గదే దీని గొప్ప" అన్నాడు. వరమిచ్చినట్టే అనిపించింది. మేస్త్రి ఎండ గురించి ఏదో గొణిగాడు. వినలేదు.

మధ్యాహ్నం మూడు దాటితే హాలు పొయ్యి అయ్యేది. మా ఆవిడ మామిడి ఒరుగులు సోఫా మీదే ఎండబెట్టింది. అది నవ్వుకోగలిగిన సిగ్గు. రెండోది అలాంటిది కాదు.

బీడీలకు పోయే తునికాకు కోసే రోజుల్లో, పక్క గూడెం ఆడవాళ్లు చీకటితో అడవికి పోయి, ఎండెక్కే వేళకు ఆకు మోపులతో మా గోడ పక్క బాటన తిరిగొచ్చేవాళ్లు. బయటినుంచి వాళ్లకు అది ముఖం చూసుకునే ఇంత పెద్ద అద్దం. మోపులు దించి, ముఖాలు తుడుచుకుని, జుట్టు విప్పి ముడేసుకుని, కొంగు తీసి దులిపి సర్దుకునేవాళ్లు. రెండడుగుల ఇవతల నేను పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. మా ఆవిడ ఆ వేళకు అంగన్‌వాడీలో ఉండేది. లేస్తే అలికిడికి భయపడతారని మొదటిరోజు నాకు నేను చెప్పుకున్నాను. రెండోరోజుకు ఆ సాకూ అవసరం లేకపోయింది. పేపరు చేతిలోనే ఉండేది, పేజీ తిరిగేది కాదు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, వాళ్లలో పెద్దామె కళ్లకు రెండు చేతులూ అడ్డుపెట్టి అద్దానికి ముఖం ఆనించింది. ఇల్లు కట్టే రోజుల్లో నాకు మంచినీళ్ల బిందె తెచ్చిచ్చిన మనిషి. మా కళ్లు కలిశాయి. ఆమె వెనక్కి తిరిగి తమ భాషలో రెండు మాటలు చెప్పింది. మోపులెత్తుకుని వెళ్లిపోయారు. మర్నాటి నుంచి మా ఇల్లు తప్పించి, ముళ్లపొదల్లోంచి చుట్టూ తిరిగి పోయేవాళ్లు, నెత్తిన అంత బరువుతో. ఆ దృశ్యం కూడా అద్దంలోంచి బాగానే కనిపించేది.

బోరింగు దగ్గర మా ఆవిడకు సంగతి తెలిసింది. అరుస్తుందనుకున్నాను. "అద్దందేం తప్పు లేదు. ఒక్కసారి దగ్గితే అయిపోతుండె గదా" అంది, అంతే. ముప్పయ్యేళ్లు సుద్దపొడికి దగ్గిన గొంతు నాది.

గోడ పొడవునా మందపాటి తెర కట్టి, గూడెం వెళ్లి పెద్దామెకు చెప్పాను. ఆమె చెరుగుతున్న చాట మీంచి తలెత్తలేదు.

"తెర ఏసినవో తీసినవో మాకేం కనపడ్తది సారు?"

నిజమే. అద్దానికి బయటివైపు నిలువెత్తున సున్నం కొట్టమని మనిషికి కబురు పెట్టాను.

అతను వచ్చే ముందురోజే ఇంజనీరు వచ్చాడు, ఇల్లు కట్టుకోబోయే దంపతులకు మా ఇల్లు చూపించడానికి. వాళ్లను సోఫాలో కూర్చోబెట్టి తెర పక్కకు లాగాను. ఫోనొచ్చి ఇంజనీరు బయటికి పోయాడు. మాటలయ్యాక, తను చెప్పిన గొప్ప తనే మరిచి, అద్దం ముందు ఆగి, పళ్లు చూసుకుని, చిటికెన వేలితో ఏదో గీక్కుని, అటూ ఇటూ చూసి, బెల్టు విప్పి చొక్కా లోపలికి దోపుకోవడం మొదలుపెట్టాడు.

దంపతులు నా వైపు చూశారు. నా గొంతులో నిజంగానే గరగరగా ఉంది.

దగ్గలేదు.