బాలవ్వ ముందు పెరిగిన దూది

ఇచ్చోడ దగ్గరి ఊళ్లో లస్మవ్వ పుట్టినప్పుడు ఏడవలేదట. మంత్రసాని పని ఎంత నెమ్మదిగా చేస్తోందోనని కళ్లు విప్పార్చి చూసిందట. నమ్మని వాళ్లను ఆమె పక్కన కలుపు తీయడానికి పంపితే పొద్దుగూకే లోపు నమ్మి తిరిగొచ్చేవాళ్లు.

అక్కడి చేలల్లో కైకిలి కూలికి పోయే ఆడవాళ్లకు ఒక అలవాటు. తన సాలు ముందుగా ముగించినామె గట్టెక్కి కూర్చోదు. వెనకబడినామె సాలుకు అవతలి కొస నుంచి ఎదురొస్తుంది. దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పుకోరు.

పెనిమిటి పోయాక లస్మవ్వ భైంసాలో ఒక జిన్నింగు మిల్లులో చేరింది. ఒక్కో మిషన్ ముందు ఒక్కో ఆడమనిషి, అందరూ చేలల్లోంచి వచ్చినవాళ్లే. పత్తిని రోలర్లకు అందిస్తే గింజ కిందికి, దూది ముందుకు పడేది. లోపల ఎగిరే నుసికి పక్కమనిషి ముఖం ఆనేది కాదు. పొద్దున దారి తప్పి లోపలికి పోయిన నల్లమేక సాయంత్రం తెల్లగొర్రెగా బయటికొచ్చిందని వాళ్ల పని చూసే ముకద్దం రహీమ్ ఒట్టేసి చెప్పేవాడు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో కొత్త మేనేజరు వామన్‌రావు వచ్చాడు. మనుషుల చేత పని ఎట్లా చేయించాలో బొంబాయిలో చదువుకున్నవాడు. మనిషిని ముందు నుంచి ఆశ లాగాలి, వెనక నుంచి భయం తొయ్యాలి అన్నది ఆ చదువు సారం. శనివారం ఎవరి దూది ఎక్కువ తూగితే వాళ్లకు నారాయణపేట చీర అన్నాడు. అందరికన్నా తక్కువ తూగినామెకు సోమవారం నుంచి పని లేదన్నాడు.

ఆ వారం ఆయన చదువు నిజమే అనిపించింది. పాటలు ఆగిపోయాయి. నీళ్లకు కూడా ఎవరూ లేవలేదు. అబద్ధమెందుకు, లస్మవ్వకు ఆ చీర కలలోకొచ్చింది. కానీ పక్క మిషన్ మీద బాలవ్వ ఉంది. చలిజ్వరం నుంచి అప్పుడే లేచిన మనిషి. ఇంట్లో మంచం పట్టిన మొగుడు.

"బాలక్కా, చెయ్యి జర దూరం పెట్టు. ఏలు నలిగితే గా చీర కుచ్చిళ్లు ఎవలు పెడ్తరే?"

"ఏలు పోతే తక్కినయి ఉంటయి. పని పోతే నా మొగడు ఉంటడా?"

శనివారం మధ్యాహ్నం అందరూ సద్ది తినడానికి బయటికి పోతుంటే లస్మవ్వ వెనకబడింది. తన కుప్పలోంచి రెండు చేతులా దూది ఎత్తి బాలవ్వ కుప్ప మీద పడేసింది. చీర కోసం కొంత మిగుల్చుకుంది. తర్వాత బాలవ్వ దగ్గు విని, నుసి చాటున ఆ మిగిల్చింది కూడా వేసింది.

సాయంత్రం తూకం. బాలవ్వ కుప్ప గుట్టలా లేచింది. రహీమ్ తెరిచిన నోట్లోకి నుసి పోయినా మూయలేదు. ఆడవాళ్లంతా నేలచూపులు చూశారు. అందరికన్నా తక్కువ తూగింది లస్మవ్వది.

"చీర బాలవ్వకు. లస్మవ్వా, నువ్విక రావద్దు" అన్నాడు మేనేజరు.

"సాబ్, గీమెది మా అందరికన్నా తేజ్ చెయ్యి" అన్నాడు రహీమ్.

"తూకం అట్లా అనడం లేదు."

నిజం చెప్తే బాలవ్వ పని పోతుంది. లస్మవ్వ తన సద్దిగిన్నె అందుకుంది. బాలవ్వే చీరను పక్కన పెట్టింది.

"గా దూదంత నాది గాదు సారూ."

"మరెవరిది?"

అవతలి మిషన్ మీది కొమురవ్వ ముందుకొచ్చింది. "నాది గూడ ఉన్నది."

"నాది గూడ." "నాది గూడ."

ఎవరికి వాళ్లు తామొక్కరే వేశామనుకున్నారు.

"అందరూ కలిసి మోసం చేశారా?"

"మోసమేంది సారూ? ఆమె సాలు మిగిలింది. ఎదురు పోయినం" అంది కొమురవ్వ.

"అందరినీ తీసేస్తాను!"

బయట ఉరిమింది. పత్తి బండ్లు గేటు దాకా నిలిచి ఉన్నాయి. బండ్లవాళ్లు దింపుకోమని కేకలేస్తున్నారు. తడిస్తే ఆ పత్తి మిషన్‌కు పనికిరాదు. వామన్‌రావు మబ్బును చూశాడు.

"సరే, ఈ వారం ఎవరినీ తీయను. పత్తి లోపలికి చేర్చండి."

అందరూ కదిలారు. లస్మవ్వ కదలలేదు.

"వచ్చే వారం ఎవల్ని తీస్తరు సారూ?"

"అది వచ్చే వారం చూద్దాం."

కదిలినవాళ్లు ఆగిపోయారు. తొలి చినుకు రేకుల మీద టప్పుమంది. వామన్‌రావు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఎవరినీ తీయను. ఎప్పుడూ తీయను. చీర మాత్రం ఉంటుంది."

"ఉండనీయుండ్రి. చీరతోని మాకేం లొల్లి?"

లస్మవ్వ కొంగు నడుముకు బిగించి, అందరికన్నా ముందు బండ్ల దగ్గరికి ఉరికింది.