డైలాగు లేని తరగతి

2009 వేసవిలో నేను జూబ్లీహిల్స్‌లో బాలనటులకు సెట్ టీచరుగా పనిచేస్తుండగా, ఇంగ్లీషు చెప్పడానికి రమ్మని, నేను దరఖాస్తు పెట్టుకున్న చైనాలోని ఒక హైస్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. సెట్ టీచరంటే షాటుకూ షాటుకూ మధ్య, మేకప్ గదిలోనో జనరేటరు వ్యాను నీడలోనో, ఒకరిద్దరు పిల్లలకు బడి పాఠాలు చెప్పే మనిషి. "షాట్ రెడీ" అని కేక వినబడితే వాక్యం సగంలో ఉన్నా పుస్తకం మూసేయాలి. పన్నెండేళ్లు అదే చేశాను.

ఏడాది ఒప్పందం, స్కూలు ఆవరణలోనే నివాసం. ఉత్తరం చదివిన రోజు సంతోషం పట్టలేక షేక్‌పేట దాకా నడిచి వెళ్లాను. భయం మాత్రం ఒకటుంది. నేను బడి మొహం ఎరగను. అమ్మే ఇంట్లో బైబిలూ వ్యాకరణమూ చదివించింది. పరీక్షలన్నీ ప్రైవేటుగా రాశాను. తరగతిలో ఏనాడూ కూర్చోనిదాన్ని, తరగతిని నడపగలనా?

ముందుగా డెమో ఇవ్వాలన్నారు. అంటే ఇరవై నిమిషాల పాఠం. ఆ స్కూలు వైస్ ప్రిన్సిపాల్ గారు ఇంటర్నెట్‌లో కెమెరా ద్వారా చూసి మార్కులు వేస్తారు. నాకేమో తరగతే లేదు. షూటింగులకు జూనియర్ ఆర్టిస్టులను పంపే కృష్ణానగర్ ఏజెంటు యాదగిరిని సాయమడిగాను.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. ముప్పై మంది పిల్లల్ని స్కూల్ డ్రెస్సులల్ల దింపుత. ఒక్కరు గూడ నోరు మెదపరు, నాది గ్యారంటీ" అన్నాడు.

అన్నట్టే వాళ్లను ఫిల్మ్‌నగర్‌లోని ఒక రిహార్సల్ హాలుకు తీసుకొచ్చాడు. ఆ ఉదయం ప్రార్థనలో, ఇది నాకు తగని పనైతే ఈ డెమోలోనే తెలియజెయ్యి ప్రభువా అని అడిగాను.

ఇక్కడికి ఎలా వచ్చారో చెప్పమని తేలిక ఇంగ్లీషులో అడిగాను. పిల్లలు ముచ్చటగా తలలూపారు. నోట్సు రాస్తున్నట్టు పెన్నులు కదిలించారు. జవాబు లేదు. మూడుసార్లు అడిగినా అంతే. కంప్యూటరు తెర మీద వైస్ ప్రిన్సిపాల్ గారు ఏదో రాసుకున్నారు. ప్రభువు జవాబు వచ్చేసిందనుకుని చాక్‌పీసు కింద పెట్టేశాను.

ముందు బెంచీలో ఉన్న అమ్మాయిని "ఏమ్మా, రాదా?" అని మెల్లగా అడిగాను.

"అస్తది మేడం. గని మేం క్రౌడ్ గదా, మాకు డైలాగ్ ఉండది. మాట్లాడితే యాదగిరన్న మల్ల పిలువడు."

నా ప్రాణం లేచొచ్చింది. "ఇవాళ అందరికీ డైలాగుంది. ఎవరిది వాళ్లే తయారుచేసుకోవాలి" అన్నాను. అందరూ గుమ్మం వైపు చూశారు. అక్కడ నిలబడ్డ యాదగిరి, "చెప్పుండ్రి మరి! నన్నేం జూస్తరు?" అన్నాడు.

ఇక హాలు హోరెత్తిపోయింది. ఆటో అని ఒకరు, బస్సు అని ఒకరు. ఆ ముందు బెంచీ అమ్మాయి, షూటింగులకు గుర్రాలు తెచ్చే వాళ్ల నాన్నతో గుర్రమెక్కి వచ్చానని ఇంగ్లీషులోనే చెప్పింది. "షాట్ రెడీ" అనేవారెవరూ లేరు. పన్నెండేళ్లలో మొదటిసారి ఒక పాఠం చివరిదాకా చెప్పాను.

మొదటి మౌనం సంగతేమిటని వైస్ ప్రిన్సిపాల్ గారు అడిగారు. దాచకుండా ఉన్నది చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. అడక్కముందే చేతులెత్తే తరగతులను డెమోల్లో చాలా చూశానని, ఇలాంటిది ఇదే మొదలని, ఉద్యోగం నాదేనని అన్నారు. వస్తానని ఆ రోజే చెప్పేశాను. దేవునికీ యాదగిరికీ నేటికీ కృతజ్ఞురాలిని.

సెప్టెంబరులో చైనాలో నా మొదటి తరగతి కూడా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. ఈసారి చాక్‌పీసు కింద పెట్టలేదు. తరగతి జవాబివ్వకపోతే, పిల్లలకు రాదనో మనకు చేతకాదనో తేల్చేముందు, మాట్లాడొద్దని వాళ్లకు చెప్పిందెవరో కనుక్కోవాలి.