మామయ్యగారి కంకర రోడ్డు

మొన్న మా చిన్నవాడు గరాజులో ఒక కొత్త సైకిలు దించుకుని పసిపిల్ల చుట్టూ తిరిగినట్టు దాని చుట్టూ తిరుగుతుంటే, ఉన్న రెండూ చాలవురా, ఇది దేనికి అని అడిగాను. ఇది గ్రావెల్ బైక్ అట, కంకర రోడ్ల మీద తొక్కడానికే ప్రత్యేకంగా చేస్తారట. నాకు నవ్వాగలేదు. మా తరం వాళ్ళకి ఊళ్ళలో ఉన్నదే కంకర రోడ్డు, ఇంట్లో ఉన్నదే ఒక సైకిలు, దాన్ని తొక్కడానికి ఒక పేరు పెట్టి, బట్టలు కుట్టించి, గుంపులు కట్టుకుని దేశాలు తిరుగుతారని ఎవరనుకున్నారు? కానీ వాడు ఎక్కడికి వెళుతున్నాడో చెప్పేసరికి నా నవ్వు ఎటుపోయిందో పోయింది. ఫ్రాన్సు పల్లెల్లో పన్నెండు రోజులు, కోటలు, రాతి వంతెనలు, పాత చర్చీలు చూసుకుంటూ కంకర దారుల్లో తిరుగుతాడట. అందులో తొమ్మిదో రోజు, మా అలమరలో బైబిలు మధ్య ముప్పై అయిదేళ్ళుగా దాచిన పోస్టుకార్డు బొమ్మలోని ఊరు.

ఆ కార్డు మా మామయ్యగారిది. మా చిన్నవాడు ఆయన పోయిన రెండేళ్ళకు పుట్టాడు, తాతను ఫోటోలో తప్ప ఎరగడు.

మామయ్యగారు రేపల్లె దగ్గర ఒక మిషను బడిలో తెలుగు మాస్టారుగా చేసేవారు. బడికి తొమ్మిది మైళ్ళు కంకర రోడ్డు మీద సైకిలు, ఆదివారాలు చుట్టుపక్కల పల్లెల్లో వాక్యం చెప్పడానికి మళ్ళీ అదే సైకిలు. అత్తయ్యగారు పోయాక ఆయన్ని ఒంటరిగా ఉంచడం ఇష్టంలేక మావారు పట్టుబట్టి సిడ్నీకి తీసుకొచ్చేశారు. అది ఎనభై తొమ్మిది. మేము వచ్చి అప్పటికి రెండేళ్ళు, టూంగాబీలో అద్దె ఇల్లు, మావారికి రైళ్ళ వర్క్‌షాపులో షిఫ్టులు, నాకు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. పెద్దాయనకి ఇక్కడ ఏం తోస్తుందా అని నేను బెంగపడుతుంటే, వచ్చిన పదో రోజున పక్కవీధిలో ఎవరో ఇంట్లో సామాను అమ్మేస్తుంటే వెళ్ళి, పాత సైకిలొకటి నడిపించుకుంటూ వచ్చారు. వారం తిరక్కుండా దాన్ని విప్పి, తుడిచి, నూనె పెట్టి, మళ్ళీ బిగించి, కొత్తదానిలా చేశారు. మరో నెలకి నాకూ ఒకటి తెచ్చారు.

నాకా, జన్మలో సైకిలెక్కిన పాపాన పోలేదు. శనివారం మధ్యాహ్నం, ఇక్కడివాళ్ళు ఆర్వో అంటారు, మా చర్చి హాలు వెనక కార్లు పెట్టే ఖాళీ జాగాలో ఆయన సీటు పట్టుకుని పరుగెత్తుతుంటే, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, మొదటిసారి పంజాబీ డ్రెస్సు వేసుకుని, నేను నేర్చుకున్నాను. కూడికకి వచ్చిన ఆంటీలు ముక్కున వేలేసుకున్నారు. కోడలితో సైకిలు పందేలేంటండీ మాస్టారూ అని ఒకావిడ ఆటపట్టిస్తే, పందెం ఏముందమ్మా, అమ్మాయి గెలుస్తుంది, నేను పంక్చర్లు వేస్తాను, అనేవారు. ఎవరేమన్నా ఆయనకి కోపం రావడం నేను చూడలేదు. నాకే వచ్చేది, ఇద్దరి తరఫునా.

ఇప్పుడు మేమున్న ద పాండ్స్ పేట అప్పుడు పచ్చికబీళ్ళు. మా ఇంటి వెనక ఇప్పుడు పిల్లల పార్కు ఉన్నచోట గుర్రాలు మేసేవి, కంచెల మధ్యగా ఎర్రటి కంకర దారి ఉండేది. సెలవు దొరికితే చాలు, టిఫిన్ డబ్బాలో పెరుగన్నం, మాగాయ ముక్క పెట్టుకుని ఇద్దరం ఆ దారులన్నీ తిరిగేవాళ్ళం. వసంతంలో మాగ్‌పై పిట్టలు నెత్తిమీదికి దూసుకొచ్చి పొడిచేవి, ఆయన తువ్వాలు తలపాగా చుట్టుకుని, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో బెల్లు మోగిస్తూ వాటికి నచ్చజెప్పేవారు. దారిలో పాత రాతి చర్చి కనిపిస్తే దిగి, సమాధి రాళ్ళ మీద పేర్లు పైకి చదివేవారు. ఎవరూ పిలవక ఎన్నేళ్ళయిందో, ఒకసారి పిలిస్తే మన సొమ్మేం పోయింది అనేవారు.

ఆ పోస్టుకార్డు కథ చెప్పింది అలాంటి ఒక సమాధుల దొడ్లో కూర్చున్నప్పుడే. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన నాన్నగారు కూలీల పటాలంలో ఫ్రాన్సుకి వెళ్ళారట. తుపాకీ పట్టలేదు. ఫిరంగి బండ్లు నడిచి పాడైన రోడ్లకి రాళ్ళు కొట్టి కంకర పోయడం ఆయన పని. తిరిగొచ్చేటప్పుడు తెచ్చిన బొమ్మకార్డులో సన్నటి శిఖరమున్న ఒక చర్చి, దానిముందు తెల్లటి రోడ్డు. ఆ రోడ్డు మేమే వేశాం, కుడిపక్క కంకర నేను కొట్టిందే అని కొడుక్కి చూపించి చెప్పేవారట. చిన్నప్పటినుంచీ మామయ్యగారికి ఒకటే కోరిక, ఆ రోడ్డు మీద ఒక్కసారి సైకిలు తొక్కాలని. రేపల్లెలో ఉండగా ఎవరికైనా చెబితే నవ్వుతారని చెప్పలేదట. నాకు చెప్పారు.

తొంభై చలికాలంలో మావారు మమ్మల్ని, సైకిళ్ళని బండిలో వేసుకుని వైజ్‌మన్స్ ఫెర్రీకి తీసుకెళ్ళారు. నది దాటాక కొండమీదికి పాత రోడ్డొకటి ఉంది, నూట అరవై ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి ఓడల్లో తెచ్చిన ఖైదీలు వేసింది. కార్లు రానివ్వరు. మావారు కిందే ఏటి ఒడ్డున పడుకుంటానన్నారు, మేమిద్దరం కొంత తొక్కుతూ, ఎక్కువ నడిపిస్తూ ఎక్కాం. ఒకపక్క లోయ, కొండవైపు మనిషికి రెండింతల ఎత్తున రాతిగోడ, ఆ రాళ్ళమీద ఉలి గాట్లు నిన్న కొట్టినంత స్పష్టంగా ఉన్నాయి. మామయ్యగారు సైకిలు స్టాండు వేసి, కళ్ళద్దాలు తీసి, ఆ గాట్లని వేళ్ళతో తడుముతూ గోడ వెంబడే నడిచారు.

"కాళ్ళకి గొలుసులతో కొట్టినా ఇంతే, కూలికి కొట్టినా ఇంతేనమ్మా" అన్నారు. "రాయి మీద మనిషి పేరుండదు."

ఆయన కళ్ళు చెమర్చడం చూసి నేను ఆగలేకపోయాను. మనం వెళదాం మామయ్యగారూ, ఫ్రాన్సు వెళదాం, అనేశాను. కిందికి దిగి మావారితో చెబితే ఆయన మొదట నవ్వి, తండ్రి మొహం చూసి, సరేనన్నారు. వచ్చే మే నెల అనుకున్నాం, అప్పటికి అక్కడ చలి తగ్గుతుందని. నా సెలవు ఖాయమైంది, టిక్కెట్లు వచ్చాయి, మామయ్యగారు లైబ్రరీ నుంచి మ్యాపు తెచ్చి పారదర్శక కాగితం మీద ఆ ఊరి దారులన్నీ పెన్సిలుతో ఎక్కించుకున్నారు. అంత సంతోషంగా ఉన్న పెద్దమనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఫిబ్రవరిలో ఆయనకి ఆకలి మందగించింది. కళ్ళు పచ్చబడ్డాయి. పరీక్షలు చేయించాం. నేను నర్సుని కదా, ఫలితం రాకముందే నా మనసుకి తెలిసింది. ఆవేళ పొద్దున మావారు డ్యూటీకి వెళుతూ గుమ్మంలో ఆగి, "ఏదైనా సరే, నాన్నకి చెప్పొద్దు. కుంగిపోతారు" అన్నారు. అంతకంటే చెప్పక్కర్లేదు, మన ఇళ్ళలో ఎవరు చెబుతారు కనుక? గుంటూరు ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో ఎంతమందికి గ్యాస్ ట్రబులే అని, రక్తం తక్కువే అని నా నోటితో చెప్పానో. అది అబద్ధమని ఏనాడూ అనుకోలేదు, పక్క సర్దడం, గుడ్డ మార్చడం లాంటి సేవే అనుకున్నాను.

డాక్టరుగారు మంచివారు. మామయ్యగారికి పుస్తకాల ఇంగ్లీషు బాగా వచ్చుగానీ ఇక్కడి యాస అందేది కాదు, అందుకని నేను మధ్యన కూర్చున్నాను. డాక్టరుగారు నాతో కాదు, మామయ్యగారి కళ్ళలోకి చూస్తూ, నెమ్మదిగా చాలాసేపు మాట్లాడారు. కడుపులోని క్యాన్సరు గడ్డ కాలేయానికి పాకిందని, కోసి లాభంలేదని, పసుపు తగ్గడానికి చిన్న గొట్టం వేస్తామని, ఆ తర్వాత మూడు నాలుగు నెలలు బాగానే తిరగగలరని, ఆపైన కష్టమని చెప్పారు. చివర్లో, చూడాలనుకున్నవి, చేయాలనుకున్నవి ఏమైనా ఉంటే ఆలస్యం చేయకుండా ఇప్పుడే చేయండి, అన్నారు. చెప్పి నావైపు తిరిగారు, తెలుగులో చెప్పమన్నట్టు.

మామయ్యగారు నా మొహంలోకి చూస్తున్నారు.

"బలహీనతట మామయ్యగారూ. బాగా విశ్రాంతి తీసుకోమంటున్నారు" అన్నాను.

మరి ఫ్రాన్సు, అని అడిగారు. వచ్చే ఏడాది వెళ్ళొచ్చట అన్నాను. డాక్టరుగారికి దణ్ణం పెట్టి లేచారు.

ఆయన నన్ను నమ్మారు. జీవితమంతా బడి గంట ప్రకారం బతికిన మనిషి, విశ్రాంతి అంటే విశ్రాంతే. గొట్టం వేశాక కళ్ళు తేటపడ్డాయి, ఒంట్లోకి కాస్త ఓపిక వచ్చింది, పార్కు దాకా నడవగలిగేవారు, నవ్వేవారు. అయినా సైకిలు ముట్టుకునేవారు కాదు, డాక్టరుగారు వద్దన్నారు కదా అనేవారు. పొద్దున గంట, మధ్యాహ్నం రెండు గంటలు పడక. ఇష్టంలేకపోయినా జావ తాగేవారు, వచ్చే ఏడాదికి కాళ్ళలో బలం కావాలిగా అని. మావారు టిక్కెట్లు రద్దు చేశారు. మే నెల వచ్చింది, వెళ్ళింది. ఆయనకి దేవుడిచ్చిన ఆ నాలుగు మంచి నెలలూ ఆయన మంచం మీద పడుకుని గడిపారు, నేను చెప్పాననే గడిపారు. ఏరోజుకారోజు చెప్పేద్దామనుకునేదాన్ని. చెప్పడానికి నోరు తెరిస్తే టిఫిన్ తింటారా అనే మాటే వచ్చేది.

జూలై చివర్లో ఒకరోజు జావ పట్టిస్తుంటే గిన్నె చేత్తో ఆపారు. అప్పటికి చేతులు పుల్లల్లా అయిపోయాయి.

"ఆవేళ డాక్టరుగారు అంతసేపు మాట్లాడారు గదమ్మా. నువ్వు రెండు ముక్కలే చెప్పావు. మిగతాది ఏంటి?"

అప్పుడు చెప్పాను. గిన్నె ఒళ్ళో పెట్టుకుని మొత్తం చెప్పాను, చివరి మాటతో సహా. ఆయన కిటికీ వైపు చూస్తూ విన్నారు. తిడితే బాగుండును అనుకున్నాను, తిట్టలేదు.

"ముందే చెబితే వెళ్ళొచ్చేవాణ్ణి గదమ్మా" అన్నారు.

అంతే. నేను ఆయన పాదాలు పట్టుకుని ఏడుస్తుంటే నా తలమీద చెయ్యి వేసి, ఏడవకు, నా మేలు కోరే చేశావు, అన్నారు. కాసేపయ్యాక, "నాకు తెలిసినట్టు అబ్బాయికి తెలియనివ్వకు. కుంగిపోతాడు" అన్నారు. కొడుకు అన్న మాటే, అదే గొంతు. ఆ నెలన్నరా తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చుని వచ్చే ఏడాది ఫ్రాన్సు ప్రయాణం గురించి మాట్లాడుకున్నారు. ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. నేను మధ్యలో కాఫీలు అందించాను. సెప్టెంబరులో, మాగ్‌పైలు పొడిచే రోజుల్లో, ఆయన వెళ్ళిపోయారు.

నాన్న చివరిదాకా ఆశతోనే ఉన్నారు, అదొక్కటే తృప్తి అని మావారు ఎన్నోసార్లు అనేవారు. ఔననేదాన్ని. మూడేళ్ళ కిందట ఆయనా ఆ తృప్తితోనే పోయారు.

ఇప్పుడు ఆ కంకర దారులన్నీ తారు కింద, ఇళ్ళ కింద ఉన్నాయి. ఆసుపత్రుల్లో ఇంటివాళ్ళని మధ్యన కూర్చోబెట్టరు, టెలిఫోనులో వేరే మనిషి చేత ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పిస్తారు. నా మోకాళ్ళ సంగతి, గుండె సంగతి నా పిల్లలు నా మొహమ్మీదే చెప్పేస్తారు. మొదట్లో ఎంత కఠినంగా ఉన్నార్రా అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. మా రోజుల్లో ప్రేమంటే దాచడం అనుకున్నాం, పాపం, మాకు అదే తెలుసు.

నిన్న చిన్నవాడు సైకిలు విప్పి పెట్టెలో సర్దుకుంటూ, కార్డు చేతిలోకి తీసుకుని, తాతయ్యకి అంత ఇష్టమైతే ఎందుకు వెళ్ళలేదని ఇంగ్లీషులో అడిగాడు. మంచి ప్రశ్న. ముప్పై అయిదేళ్ళుగా ఎవరైనా అడుగుతారని చూస్తున్న ప్రశ్న. ఒంట్లో బాగాలేక నాన్నా, అన్నాను. ఓహ్, సో శాడ్ అమ్మా, అని నా భుజం తట్టి, రోడ్డుకి కుడిపక్కనే తొక్కుతానని మాటిచ్చి, పెట్టె మూసుకున్నాడు.

మళ్ళీ రెండు ముక్కలే చెప్పాను. మిగతాది ఇదిగో, ఇక్కడ రాశాను. వాడికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు.